నోటి మేత

బాతుకు నోటితో మేత ఊదడం ఇన్సాఫ్‌కు కాపురానికొచ్చిన వారంలోనే అత్త హానిమ్ నేర్పింది. నానిన మొక్కజొన్న గింజలు నీళ్లతో సహా పుక్కిట పట్టాలి. బాతును మోకాళ్ల మధ్య అదిమి, ముక్కు తెరిచి, గొంతులోకి ఊదాలి. నైలు పాయ ఒడ్డున ఆ ఊళ్లో ఆడవాళ్లందరికీ అదే పని. మొగుడి కంటే బాతులకే తన పెదవులు ఎక్కువ తెలుసని ఇన్సాఫ్ లోలోపల నవ్వుకునేది. మూతి కడుక్కోమంటే అవి కనీసం మొగుడిలా అలగవు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. పక్షుల జ్వరమని తెల్ల ముసుగుల వాళ్లు మిద్దెమిద్దెకూ ఎక్కి కోళ్లనూ బాతులనూ సంచుల్లో పట్టుకుపోతున్నారు. ఊళ్లో కూత లేదు. తెల్లవారినా తెల్లవారినట్టు ఉండదు. ఆడపడుచు పెళ్లి విందుకని మేపిన బాతుల్ని మాత్రం హానిమ్ ఇన్సాఫ్ పడకగదిలో దాచింది. మొగుడు శాబాన్ పరుపు చుట్టుకుని మిద్దె మీదికి వెళ్లిపోయాడు, ఆ వాసన తనకు పడదని. ఇన్సాఫ్‌కు పడుతుందా అని ఎవరూ అడగలేదు.

గదిలో అవి అరవవు. మంచం కింద వరసగా కూర్చుని, మెడలు ఒకే పక్కకు తిప్పి, ఉత్త గోడను చూస్తుంటాయి. కళ్ల మీద మీగడలాంటి పొర. ఊదిన మేత లోపలికి పోవడం లేదు. పైగా వెచ్చటి ఊపిరొకటి ఎదురొచ్చి తన గొంతులో దిగుతోంది, అవే తనకు మేత పెడుతున్నట్టు.

"అత్తా, వీటికి జబ్బు చేసింది."

హానిమ్ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గడప అవతలే నిలబడింది. "జబ్బు కాదే, నీ ఊపిరిలో బలం లేదు. మా నాయనమ్మ ఊదితే చచ్చిన బాతు లేచి రెండు గుడ్లు పెట్టింది."

"రెండోది మీ తాత పెట్టి ఉంటాడు."

"ఆ నోటితో వాదించకుండా పని చెయ్యి," అన్నాడు వెనకనుంచి శాబాన్.

ఇన్సాఫ్‌కు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

"నగాత్, ఇలా రా తల్లీ," అని హానిమ్ మనవరాలిని పిలిచింది. "మీ అమ్మకు చేతకావడం లేదు. నువ్వు నేర్చుకో."

పిల్ల అప్పటికే బుగ్గలనిండా గింజలు పట్టుకుని వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందికి చెయ్యి చాచింది. గోడను చూస్తున్న మెడలన్నీ ఒక్కసారిగా పిల్ల వైపు తిరిగాయి.

ఇన్సాఫ్ పిల్లను వెనక్కి లాగి, బుగ్గలు నొక్కి గింజలన్నీ ఉమ్మించింది. గది బయటికి తోసింది. కిటికీ తెరిచి వీధిలో పోతున్న ముసుగుల వాళ్లను పిలిచింది.

"ఇక్కడ ఉన్నాయి, రండి."

"నా చెల్లెలి పెళ్లి విందు ఏం కావాలే?" అన్నాడు శాబాన్. ఆమె కిటికీ మూయలేదు.

వాళ్లు వచ్చి మంచం కిందికి వంగి చూశారు. ఒకడు నిటారుగా లేచి, "వీటికి నోటితో మేత పెట్టిందెవరు?" అన్నాడు.

హానిమ్, శాబాన్ గోడ దాకా జరిగి ఆమెను చూపించారు.

"నేనొక్కదాన్నే," అంది ఇన్సాఫ్. "రాసుకోండి. పిల్ల నోరు పెట్టలేదు."