తెల్లకళ్ల ఈగలు

ముప్పై రెండో సీసా బోర్లించి, మత్తులో పడున్న ఈగల్ని కాగితం మీద కుంచెతో విడదీస్తున్నాడు ఈగల బాబాయ్. ఆ ప్రయోగశాలలో ఆయన పేరదే. నువ్వుగింజంత పురుగుల్ని ఇరవై ఆరేళ్లుగా సాకుతున్న మనిషికి ఇంకేం పేరుంటుంది? నడుము వంగిపోయింది, ఒంటికి పులిసిన మేత వాసన పట్టేసింది, పెళ్లి ఊసు ఎప్పుడో మరుగున పడింది. ఇంట్లో చూపులేని అక్క ఒక్కతే ఆయనకు దిక్కు, ఆమెకు ఆయన.

యాభై సీసాలు. ఒక్కోదాంట్లో ఎర్రకళ్ల ఈగలూ తెల్లకళ్ల ఈగలూ కలిసి ఉంటాయి. రెండు వారాలకో తరం. ప్రతి తరంలోంచీ పది ఆడవి, పది మగవి కొత్త సీసాలోకి మార్చాలి. కళ్ల రంగు చూడకూడదు, చేతికందినవే తియ్యాలి. అంతే పని.

మేడమ్ లోపలికొచ్చింది. మూడేళ్లుగా ఈ సీసాలే లోకంగా బతుకుతున్న పరిశోధకురాలు. ముఖం వెలిగిపోతోంది.

“బాబాయ్, ఇంత చిన్న గుంపుల్లో ఏ రంగు మిగలాలో ఉత్త అదృష్టమే తేలుస్తుంది. ఈపాటికి చాలా సీసాల్లో తెలుపు తుడిచిపెట్టుకుపోవాలి. ఒక్కదాంట్లోనూ పోలేదు! వాటిలో ఏదో బలముంది. రేపే పత్రికకి వ్యాసం పంపుతున్నా.”

బాబాయ్ కుంచె పక్కన పెట్టేశాడు. బలమూ లేదు, పాడూ లేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, అబద్ధం ఆ పిల్ల పేరు మీద ఊరంతా తిరుగుతుంది.

“అమ్మా... ఆ తెల్లకళ్లవాటికి చూపు సరిగా ఆనదు కదా. తగ్గిపోతున్నప్పుడల్లా నాలుగు ఎక్కువేశాను. ఇంటికెళ్లగానే మా అక్క అడుగుతుంది, తెల్లకళ్లవి ఉన్నాయట్రా అని. లేవని ఎలా చెప్పను?”

“ఎన్ని సీసాల్లో?”

“అన్నిట్లోనూ.”

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సీసాలకెదురుగా స్టూలు మీద కూలబడింది.

“మూడేళ్లు, బాబాయ్,” అంది. “అన్నీ ఫ్రీజర్లో పెట్టేయండి. రేపట్నుంచి మీరు రావద్దు.”

యాభై సీసాలూ ఆయనే మోశాడు. చలికి ఈగలు గాజు మీంచి ఒక్కొక్కటే జారి అడుగున పడ్డాయి. ఎర్రవీ పడ్డాయి, తెల్లవీ పడ్డాయి. ఈ సాయంత్రం అక్కకేం చెప్పాలో తోచక ఆయనకు ఏడుపొచ్చింది. తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయాడు.

బల్ల సొరుగులో, వచ్చే విడత సీసాలకు కట్టడానికని ఆయన గుండ్రటి అక్షరాలతో రాసి, కత్తిరించి, దారం కట్టి పెట్టుకున్న యాభై చీటీలున్నాయి: డెబ్బై తొమ్మిదో తరం.