తొమ్మిది చిల్లుల చెక్క

గుండీలమ్మకి ఆ పేరు పెట్టింది మొగుడే. దర్జీ దుకాణంలో చొక్కాలకీ కోట్లకీ గుండీలు కుట్టడం, వాటికి కాజాలు కుట్టడం ఆమె పని. మిషను మీద కుట్టిన కాజా అంటే ఆమెకి ఒళ్లుమంట. "అది కాజానా? ఎలుక కొరికిన చిల్లు!" అనేది. కళ్లు మూసుకుని వేలు పెట్టి, ఇది సాగింది, ఇది బిగువుగా ఉంది అని చెప్పగలదు. మొగుడు వడ్రంగి. మాట తక్కువ మనిషి, కానీ పెళ్లాం నవ్విందంటే ఆ రోజు రంపం కూడా తేలిగ్గా నడుస్తుందని నమ్మేవాడు.

ముప్పై దాటాక ఒక ఉదయం ఆమె కుడికన్ను మసకబారింది. కొన్నాళ్లకి తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు ఎడమకాలు తిమ్మిరెక్కింది. అదీ తగ్గింది. వస్తుంది, పోతుంది, పిలవని చుట్టంలా మళ్లీ వస్తుంది. అదేం మాయరోగమో తేల్చడానికి పెద్దాస్పత్రి చుట్టూ తిరగ్గా తిరగ్గా, నరాల డాక్టరమ్మ రోగం పేరు చెప్పింది. మల్టిపుల్ స్క్లెరోసిస్.

"కరెంటు తీగకి పైన తొడుగు ఉంటుంది చూశారా? మన నరాలకీ ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆ తొడుగుని కొరికేస్తున్నాయి."

"అంటే ఇంటి కుక్కే ఇంట్లోవాళ్లని కరుస్తోందన్నమాట," అన్నాడు వడ్రంగి.

డాక్టరమ్మ అవునంది. రెండు దారులున్నాయని చెప్పింది.

"మొదట్నుంచే గట్టి మందు పెట్టడం ఒకటి. దాంతో ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది, కనిపెట్టుకుని ఉండాలి. తేలిక మందుతో మొదలుపెట్టి, రోగం ముదురుతున్నట్టు కనిపిస్తే పైమెట్టు ఎక్కడం రెండోది. ఏది మంచిదయిందో వచ్చే ఏడాదికి తెలీదమ్మా, ఏళ్లు గడిచాక తెలుస్తుంది. నన్నడిగితే గట్టి మందే మేలంటాను. కాదు, రెండోదే కావాలంటే ఒక్క షరతు. ముదురుతున్న సంగతి నాకు వెంటనే తెలియాలి."

బయట బెంచీ మీద ఇదే రోగంతో వచ్చిన ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. "నేను గట్టి మందే తీసుకుంటున్నా అక్కా," అంది. "పిరికిదాన్ని కదా, అందుకే పెద్ద కర్ర పట్టుకుంటున్నా."

గుండీలమ్మ తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ రోగంతో పోలేదమ్మా, మందుతో పోయింది. నాకు తేలిక మందు చాలు." వడ్రంగి ఆమె మాట జవదాటడు. అలాగే కానిచ్చారు.

ముదురుతోందో లేదో చూడ్డానికి స్కానింగులతోపాటు చేతులకో పరీక్ష ఉంది. తొమ్మిది చిల్లులున్న పలక, తొమ్మిది పుల్లలు. ఒక్కోటీ దూర్చాలి, మళ్లీ తీయాలి, నర్సు గడియారం పట్టుకుని చూస్తుంది. మొదటిసారి గుండీలమ్మ వేళ్ల వేగం చూసి నర్సు నోరు తెరిచింది. "ఇదేం పరీక్ష తల్లీ, రోజూ చేసేదేగా!" అని ఆమె నవ్వింది.

దూరం నుంచి వచ్చేవాళ్లని ఆస్పత్రి కొన్నాళ్లకి ఫోన్లో వీడియోలోనే చూడటం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పిన కొలతలు పట్టుకుని వడ్రంగి ఇంట్లోనే అలాంటి చెక్క చేశాడు. ఎంత ముచ్చటగా చేశాడని! చిత్రిక పట్టి నున్నగా తీర్చి, చిల్లులు కచ్చితంగా తొలిచి, పుల్లల అంచులు గుండ్రంగా అరగదీశాడు. డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా గుండీలమ్మ పుల్లలు దూర్చడం, అతను ఎంత సేపు పట్టిందో చెప్పడం. కొన్నేళ్లు అలాగే బాగా గడిచిపోయాయి.

ఒకసారి స్కానింగులో సందేహంగా ఒక మచ్చ కనిపించింది. "చేతులెలా ఉన్నాయో రేపు ఫోన్లో చూపించండి, దాన్నిబట్టి మందు మారుద్దాం," అంది డాక్టరమ్మ. ఆ రోజు ఇంట్లో చేసి చూస్తే, పుల్ల చిల్లు అంచుకి తగిలి జారింది. మళ్లీ జారింది. గుండీలమ్మ పుల్లలన్నీ గిన్నెలో వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. ఆ మొహం వడ్రంగి చూడలేకపోయాడు.

మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక అతను గరుకు ఉప్పు కాగితం చుట్టి చిల్లుల్లో తిప్పి వాటిని వెడల్పు చేశాడు. ఎక్కువేం కాదు, రవ్వంత. చెమ్మకి చెక్క బిగుసుకుని ఉంటుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఎండిన చెక్క అంతలా బిగుసుకోదని ఈ లోకంలో అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు?

మర్నాడు పుల్లలు టకటకా దిగాయి. డాక్టరమ్మ తృప్తిగా, "చేతులు నిలకడగా ఉన్నాయి. ఇదే మందు వాడదాం," అంది. గుండీలమ్మ నవ్వింది. వడ్రంగి ఇంకా పెద్దగా నవ్వాడు.

ఒకసారి నోరు తెరిచిన అబద్ధానికి రోజూ తిండి పెట్టాలి. ఆమె మొహం ముడుచుకున్నప్పుడల్లా చిల్లులు రవ్వంత పెరిగాయి. చేతిలోంచి గిన్నె జారితే, "సబ్బు జిడ్డు పోలేదయ్యా," అనేది ఆమె. "అవునే, పనికిమాలిన సబ్బు," అనేవాడు అతను. దుకాణంలో దర్జీ కాజాలన్నీ మిషనుకి ఇచ్చేశాడు. "పోనీలే, కళ్లకి శ్రమ తగ్గింది," అంది. అతను అదీ నమ్మినట్టు నటించాడు. స్కానింగుల్లో ఆ మచ్చ ఏ సంగతీ తేల్చి చెప్పేలా లేదు, ఫోన్లో మాత్రం చేతులు ఏటేటా నిలకడగానే ఉన్నాయి.

చివరికి ఒకరోజు నేరుగా చూడాలని ఆస్పత్రికే రమ్మన్నారు. ఆమె మొగుడి భుజం మీద బరువంతా వేసి నడిచింది. నర్సు అసలు పలక తెచ్చి ముందు పెట్టింది. మొదటి పుల్ల దూరలేదు. రెండోది వేళ్లలోంచి జారి నేలమీద దొర్లిపోయింది. మూడోది పట్టుకోవడమే కుదరలేదు.

డాక్టరమ్మ పాత లెక్కలు చూసి కళ్లజోడు తీసింది. "ఇది ఈ నెలో పోయిన నెలో జరిగింది కాదే! మరి ఇంట్లో అంత బాగా ఎలా చేసింది?"

వడ్రంగి వంగి, నేలమీద దొర్లిన పుల్ల ఏరి నర్సుకిచ్చాడు. చెబితే చచ్చిపోవాలనిపించింది, చెప్పకపోయినా అంతే.

"గట్టి మందు మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ. "మిగిలినదాన్ని కొంత నిలబెట్టొచ్చు. పోయిన నరాన్ని ఏ మందూ వెనక్కి తేలేదమ్మా. ఆ మచ్చ కనిపించినప్పుడే మార్చి ఉంటే..." అని ఆగిపోయింది.

నడవలో టీచరమ్మ ఎదురైంది. మధ్యలో రెండుసార్లు ఇన్‌ఫెక్షన్ వచ్చి మంచం పట్టిందట, చిక్కిపోయింది. కానీ తన కాళ్ల మీద తను నడిచి వస్తోంది, సంచి తనే మోసుకుంటోంది. "అక్కా!" అంటూ రెండు చేతులూ పట్టుకుంది. గుండీలమ్మ ఆమె కుర్తా చేతులకున్న గుండీలనే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి రాగానే వడ్రంగి ఆ చెక్క తీసుకుని గొడ్డలి కోసం వెళ్లబోయాడు.

"ఆగవయ్యా. ఇటియ్యి."

ఆమె చెక్కని ఒళ్లో పెట్టుకుని వంకరపోయిన చూపుడువేలు ఒక చిల్లులో పెట్టింది. "మొదటిసారి నువ్వు అరగదీసినప్పుడే తెలిసింది నాకు. ఇన్నేళ్లు కాజాలు కుట్టినదాన్ని, చిల్లు సాగితే తెలీదా?"

వడ్రంగి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావే?"

"ఆ గట్టి మందంటే భయం. ఇంకోటి, ఆ రోజు నువ్వు నవ్విన నవ్వు చూశాను. ఇంకొన్నాళ్లు నవ్వుకోనీలే అనుకున్నాను."

"నన్ను తిట్టవే. నీ చేతులు నేను తినేశాను. నోరారా తిట్టు!"

"తిడితే ఇద్దర్నీ తిట్టాలి. అంత ఓపిక లేదు నాకు."

అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. ఓదార్చడానికి చేతులు లేపాలి. కిటికీలోంచి చలిగాలి వస్తుంటే, "స్వెట్టరు వెయ్యి," అంది.

అతను కళ్లు తుడుచుకుని వేశాడు. అది ఆమె ఎప్పుడో తనకోసం తనే గుండీలు పెట్టి, కాజాలు కుట్టుకున్న స్వెట్టరు. మోకాళ్ల మీద కూర్చుని మొదటి గుండీ పెట్టబోయాడు. కాయలు కాసిన ఆ మొద్దువేళ్లకి అది లొంగలేదు. కాజా మరీ బిగువు. అలవాటైన చెయ్యి కదా, రెండు బొటనవేళ్లూ కాజాలో పెట్టి అటూ ఇటూ లాగబోయాడు.

"దాన్ని సాగదీయకయ్యా," అంది గుండీలమ్మ. "అది నాకు చేతులున్నప్పుడు కుట్టింది."

అతను వేళ్లు తీసేశాడు. మళ్లీ ప్రయత్నించాడు. గుండీ దూరలేదు.