పది అడుగులు తక్కువ

ఆదివారం ప్రార్థన ముగిశాక మా నాన్న డెస్మండ్, మా మేనమామ క్లిఫర్డ్ ఫ్లాస్కులో టీ పోయించుకుని స్టేషన్ బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఒంటిగంట బండి వెళ్లేదాకా వాదించుకునేవాళ్లు. మామయ్య రైల్వే ప్రభుత్వం చేతిలో ఉన్న రోజుల్లో గార్డు. రైళ్లు మళ్లీ జనానివి కావాలంటాడు, బయటి దేశాలవాళ్లు మాత్రం ఇక రాకూడదంటాడు. నాన్నకి బేకరీ. ఎవరైనా రావచ్చంటాడు, రైళ్లు మాత్రం కంపెనీలకే వదిలేయాలంటాడు.

వాదన మనసులోంచి వచ్చిన రోజున ప్లాట్‌ఫారం ఆ చివర కాస్త పెరిగేది. గని కార్మికుల సమ్మెనాడు మా అమ్మమ్మకీ ఆవిడ మరిదికీ జరిగిన తగవుకి ఒక్క పూటలో గజం పెరిగిందని మా ఇంటి బైబిలు వెనక అట్ట మీద రాసి ఉంది. స్టేషన్‌వాళ్లు కొత్త రాయికి అంచున తెల్లరంగు వేసేవాళ్లు, అంతే.

ఈ ఏడాది నుంచి ఐదు పెట్టెల బండ్లు వస్తున్నాయి. మొదటిది సోమవారం ఉదయం వస్తుంది. చివరి తలుపు ప్లాట్‌ఫారం దాటిపోతే ఇక మా ఊళ్లో ఏ బండీ ఆపరట. పది అడుగులు తక్కువ.

మామయ్య భార్య మ్యూరియల్ మంచాన పడి మూడేళ్లు. ఎరిట్రియా నుంచి వచ్చిన సెనాయిత్ రోజూ ఉదయం ఆరున్నర బండికి వచ్చి చూసుకుంటుంది. ఆ పిల్ల చేత్తో పెడితేనే అత్తయ్య నోరు తెరుస్తుంది. బండి ఆగకపోతే సెనాయిత్ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే రెండు నెలల్లో దేశం విడిచి వెళ్లాలి.

ఆ ఆదివారం పాస్టరుగారు లోకశాంతి కోసం ప్రార్థించి, వెంటనే ఆ పది అడుగుల కోసం ప్రార్థించారు.

"మీ కంపెనీలు ఒట్టి దొంగలు, బావా," అన్నాడు మామయ్య నీరసంగా.

"ప్రభుత్వం చేతికొస్తే టీ చల్లారినా బండి రాదు."

"కంపెనీవాళ్ల చేతిలో వస్తుందిగా, మన ఊళ్లో ఆగకుండా! కాస్త గట్టిగా అనవయ్యా."

"నలభై ఏళ్లుగా అంటున్నా. ఓపిక లేదు, క్లిఫర్డ్."

రాయి కదల్లేదు. నటిస్తే అది కదలదు.

సెనాయిత్ ఇంటికి వెళ్లే బండి కోసం పక్కనే నిలబడి ఉంది. మామయ్య ఇంకో ప్రయత్నం చేశాడు. "వచ్చినవాళ్లందర్నీ తిరిగి పంపెయ్యాలి." ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగి, "నీ గురించి కాదు తల్లీ," అన్నాడు.

మూడేళ్లుగా ఆ మాటకి నవ్వి ఊరుకునే పిల్ల ఆరోజు సంచీ కింద పెట్టింది.

"మా అక్క కాగితాల కోసం ఇంకా ఎదురుచూస్తోంది, క్లిఫర్డ్ గారూ. ఆ అందర్లో అదీ ఉంది. నన్ను పక్కన పెట్టి దాన్ని తరిమేస్తారా? ఆ మంచితనం నాకొద్దు."

నాన్న కిసుక్కున నవ్వాడు.

"మీరు నవ్వకండి. తెల్లారుజామున మూడింటికి పిండి కలపడానికి మీ ఊరివాళ్లు రారు. అందుకే మేము మీకు ముద్దు."

మామయ్య మొహం కందగడ్డలా అయింది. "మా తమ్ముడి కొడుక్కి రెండేళ్లుగా పని లేదు! ఆ మాట అనే హక్కు నాకు లేదా?"

"ఉంది. జవాబు చెప్పే హక్కు నాకూ ఉంది."

"అయితే చెప్పు!"

చెప్పింది. ఆయనా చెప్పాడు. మధ్యలో నాన్న దూరి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. ఆ చివర రాయి గరగరమంది. ఎవరూ తిరిగి చూడలేదు. బండి వచ్చింది. సెనాయిత్ వెళ్లొస్తానని కూడా అనకుండా ఎక్కేసింది.

సోమవారం వాన. కంపెనీ మనిషి కొలిచే చక్రంతో నిలబడ్డాడు. ఐదు పెట్టెలూ వచ్చి ఆగాయి. చివరి తలుపు ఇంకా రంగు వేయని రాయి మీదికి తెరుచుకుంది. అందులోంచి సెనాయిత్ దిగింది. కంపెనీ మనిషి కాగితం మీద గుర్తు పెట్టుకుని గొడుగు ముడుచుకుని బండెక్కాడు.

మామయ్య ఎదురెళ్లాడు. క్షమించమని ఆయన అనలేదు, ఆమె కూడా అనలేదు.

"ఆవిడ తిన్నారా?" అంది సెనాయిత్.

"నిన్నట్నుంచి నోరు తెరవలేదు."

ఆయన సంచీ అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. కొత్తగా వచ్చిన ఆ పది అడుగులూ ఇద్దరూ వానలో పక్కపక్కనే నడిచారు.