పాతరలో ఆరని దీపం

ఆ ఇంట్లో జొన్నలు దాచే పాతరలోకి మనిషి దిగే ముందు దీపం దిగాలి. అదీ ఇంటి పెద్ద ఆడమనిషి చేతి మీదుగా దిగాలి. పగిలిన కుండ అడుగున ఆముదం పోసి, వత్తి వెలిగించి, తాడుతో మెల్లగా లోపలికి వదిలితే, అడుగు తాకేదాకా అది వెలుగుతూ ఉంటే పాతరతల్లి నిద్ర లేచినట్టు. మధ్యలో ఆరిపోతే తల్లి ఇంకా లేవలేదన్నమాట. మూత తీసే ఉంచి మరునాడు మళ్లీ చూడాలి. ఇంటి యజమాని హంపన్నకు చిన్నాయన ఒకాయన దీపం దించకుండా దిగి, గంప పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఒరిగిపోయాడు. నిద్రలో ఉన్న తల్లి మీద కాలు పెట్టాడు కాబట్టి ఆమె ఉంచేసుకుందని చెప్పుకొనేవారు.

హంపన్న భార్య రుద్రమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అత్త చేతిలో ఆ తాడును చూసింది. అత్త పోయాక తాడు తన చేతికి వచ్చింది. తల్లి నిద్ర సంగతి ఆమె నమ్మిందనీ చెప్పలేం, నమ్మలేదనీ చెప్పలేం. చేయవలసిన పని కాబట్టి చేసేది. అట్లాంటి పనులు ఆ ఇంట్లో చాలా ఉన్నాయి. కోళ్లగూట్లో బూడిద చల్లుతారు. పాలు పితికే ముందు గేదె వెన్ను నిమురుతారు. అమావాస్యనాడు కొట్టం గుంజకు పసుపు రాస్తారు. వాటిలో కొన్నింటికి కారణం ఉంది, కొన్నింటికి లేదు. ఏది ఏదో విడదీసి చూసే తీరిక ఎవరికీ దొరకలేదు.

బళ్ళారి దగ్గరి ఎమ్మిగనూరు చుట్టూ వరి, చెరకు. హంపన్న ఇల్లు మాత్రం కాలువ నీళ్లెక్కని గరుసు మిట్ట మీద ఉంది. ఇల్లు, కొట్టం, గేదెలు, మిట్ట వెనక జొన్న పండే నల్లచేను, ఇదే వాళ్ల సంసారం. కొట్టం పక్కన నేలలో తవ్విన పాతర హంపన్న తాత నాటిది. మనిషి భుజాలు పట్టేంత మూతి, లోపల గదంత వెడల్పు. చుట్టూ జొన్నచొప్ప అమర్చి, గింజ పోసి, పైన బండ పెట్టి మట్టి మెత్తితే ఏళ్ల తరబడి పురుగు పట్టదు. ఎందుకు పట్టదని ఎవరూ అడగలేదు. పురుగుకు కావలసిన గాలి లోపల మిగలదు కాబట్టి పట్టదు. ఆ ఒక్క సంగతి ఎవరైనా అడిగి తెలుసుకొని ఉంటే, రెండో సంగతి దానంతట అదే తెలిసేది.

ఈ ఏడు మిట్ట కింది రైతు పెద్ద మోటారు పెట్టి, మిట్ట అంచుదాకా నీళ్లు తోడి వరి నాటాడు. ఆషాఢం నడిమికి కొట్టం గోడ అడుగున చెమ్మ తేలింది. హంపన్న పాతర పక్కన పలుగు దించి, మొనకు అంటిన మట్టిని వేళ్లతో నలిపి చూశాడు.

"నీళ్లు ఈడిదాకా వచ్చిండాయి. గింజ ముక్కిపోతాండాది" అన్నాడు.

ఆ గింజే ఇంటికి తిండి, రాబోయే పంటకు విత్తనం. కుంటికాలుతో హంపన్న పాతరలోకి దిగలేడు. కొడుకు కొట్రేశ్ బళ్ళారిలో జీన్సు బట్టలు ఉతికే యూనిట్లో పని చేస్తాడు. కబురందగానే సెలవు రోజు చూసుకొని బస్సెక్కి వచ్చాడు. మూత అంతకు ముందు రోజే తీసి ఉంచవలసింది. మబ్బు పట్టి ఉండటంతో, వాన లోపల పడితే అసలుకే మోసమని హంపన్న తీయలేదు. కొట్రేశ్ వచ్చాకే, పక్క చేను హులిగప్పను పిలిచారు; వాళ్లిద్దరూ బండ జరిపారు. పులిసిన పిండిలాంటి వాసన, దాని వెంట వెచ్చని ఆవిరి పైకి వచ్చాయి. పొద్దు కొంచెం ఎక్కేదాకా ఆగి, రుద్రమ్మ దీపం వెలిగించింది.

"ఏమక్కా, మీ తల్లి లేసిందా? లేకుంటే రవ్వంత కాఫీ పెట్టి లేపు" అన్నాడు హులిగప్ప. "నాకూ ఒక లోటా పొయ్యి."

"నీకు కావల్లంటే నీకని అడుగు. తల్లి పేరు యాల చెప్తావు?" అంది రుద్రమ్మ.

మిట్ట మీద ఆషాఢపు గాలికి అడ్డేమీ లేదు. కుండ మూతి దగ్గరకు చేర్చకముందే దీపం కొండెక్కింది. మళ్లీ వెలిగించింది. ఈసారి కోడలు సుమ కొంగు అడ్డం పట్టింది. కుండ పాతర మెడ దాటిందో లేదో మళ్లీ ఆరిపోయింది. పైనుంచి వీచిన గాలికి ఆరిందా, లోపలికి పోయి ఆరిందా, చూస్తున్నవాళ్లు ఎవరూ చెప్పలేకపోయారు.

"అమా, ఇది గాలికి ఆరతాండాది. ఇట్లయితే పొద్దు మునిగేదాకా ఈడే కూసోవల్ల" అన్నాడు కొట్రేశ్. "అదో, నది మింద మబ్బు చూడు. ఎట్ల వస్తాండాదో."

రుద్రమ్మ మబ్బును చూసింది. గాలి ఆర్పిన దీపం తల్లి మాట ఎట్లా అవుతుందని ఆలోచించింది. తల్లి అడిగేది వెలుగైతే, ఆ వెలుగు వత్తి నుంచి రావాలని ఎక్కడుంది? ఆ ఆలోచన ఒక దారిన సరైనదే. ఆమె అత్తకు అంతమాత్రం ఆలోచన కూడా వచ్చేది కాదు.

"సుమా, కరెంటు పోతే పెట్టుకుంటామే, ఆ బ్యాటరీ లైటు తీసుకరా" అంది.

"దాన్ని దించుతావా అత్తా?"

"వెలుతురే కదా కావల్సింది. దాన్ని గాలి ఏం చేస్తాది?"

హులిగప్ప నవ్వాడు. "కరెంటు దీపానికి తల్లి జల్ది లేస్తాదిలే."

లైటు తాడు చివర మెల్లగా తిరుగుతూ దిగింది. మెడ దాటింది, పొట్టలోకి పోయింది, గింజల మీద వాలి తెల్లగా వెలిగింది. చొప్ప గోడలు, కింద పరుచుకున్న జొన్నలు స్పష్టంగా కనిపించాయి. రుద్రమ్మ కళ్లకద్దుకొని పక్కకు జరిగింది. ఆమె మనసు తేలికైంది.

"నడుముకు తాడు కట్టుకోప్పా" అన్నాడు హంపన్న.

"నిచ్చెన ఉండాది కదా నాయనా. తాడైతే కాళ్లకు తగులుకుంటాది."

కొట్రేశ్ దిగి గింజల మీద నిలబడ్డాడు. అతని తల ఇంకా మెడకు దగ్గరగానే ఉంది. "పైన బాగుండాయి. గోడ వారే ముక్కినట్టుండాయి" అన్నాడు. హంపన్న గంప వదిలాడు. గంప నింపడానికి కొట్రేశ్ వంగాడు. వంగినవాడు లేవలేదు. మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగాడు. చూసేవాళ్లకు అలసిపోయి పడుకున్నట్టే ఉంది.

హంపన్న పేరు పెట్టి పిలిచాడు.  సుమ అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టింది.

రుద్రమ్మ లోపలికి చూసింది. లైటు వెలుగుతూనే ఉంది, కొడుకు చెంప మీద గింజలు అంటుకొని ఉండటం కూడా చూపిస్తోంది. తల్లి లేచిందనే అది చెబుతోంది; కొడుకు మాత్రం లేవడం లేదు. కారణం ఏమిటో ఆమెకు తెలియలేదు. దించిన వెలుగు ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదని మాత్రం తెలిసింది. సుమ జడ అందుకుని వెనక్కి లాగి, నేల మీద పడేసి, రెండు చేతులా నడుము చుట్టి పట్టుకుంది.

"వదులు అత్తా. ఆయన్ని చూడు."

"చూస్తాండా. నువ్వు దిగితే నిన్నూ అట్లనే చూడల్ల."

"మెల్లగా దిగుతా. వదులు."

"ఎవురూ దిగద్దండి" అంది రుద్రమ్మ, దిగబోతున్న హులిగప్పను చూసి. "ఏమప్పా, బాయిలో బిందెలు తీసే కొక్కేలు తే." ఈ మాట భర్తతో అంది.

హంపన్న కుంటుతూ పోయి కొక్కేల గుత్తి తెచ్చాడు. హులిగప్ప బోర్లా పడుకొని, తల పక్కకు తిప్పి గాలి పీల్చుకుంటూ, దాన్ని లోపలికి వదిలాడు. కొక్కెం చొక్కాకు తగిలింది. గుడ్డ చిరిగి జారిపోయింది. మళ్లీ వదిలాడు. ఈసారి భుజం గీసుకుపోయింది. సుమ రుద్రమ్మ చేతిని కొరికింది. రుద్రమ్మ పట్టు వదల్లేదు. కొడుకు వైపు చూడకుండా ఉండటానికి కోడలి మెడ మీద ముఖం పెట్టుకుంది. చివరికి కొక్కెం జీన్సు ప్యాంటు బెల్టులో దిగింది. మగవాళ్లిద్దరూ లాగారు. మూతి దగ్గర భుజాలు ఇరుక్కున్నాయి; రాయి చర్మాన్ని ఒలిచేసింది. పైకి వచ్చిన మనిషి బూడిద రంగులో ఉన్నాడు. మిట్ట మీద గాలి ముఖానికి కొట్టింది. హులిగప్ప అతని రొమ్ము అదమసాగాడు. ఎంతసేపటికో కొట్రేశ్ గొంతులో గురక లాంటి చప్పుడు పుట్టింది. అది ఊపిరేనని తెలియడానికి వాళ్లకు ఇంకాస్త సేపు పట్టింది.

ఆంబులెన్సు వచ్చి అందరినీ తీసుకుపోయింది. ఆ సాయంత్రం మిట్ట మీద వాన పడింది. పాతరకు మూత వేయడానికి ఇంట్లో మనిషి లేడు.

బళ్ళారి ఆసుపత్రి డాక్టరు కొట్రేశ్ బతుకుతాడని, మాట కుదురుకోవడానికి మాత్రం కొంతకాలం పడుతుందని చెప్పాడు. చెమ్మ తగిలిన గింజ ఊపిరి తీసుకుంటుంది, మంచి గాలిని తినేసి చెడుగాలిని వదులుతుంది, ఆ చెడుగాలి బరువైంది కాబట్టి నీళ్లలాగా అడుగున నిలిచిపోతుందని వివరించాడు. రుద్రమ్మ ఒక్కటే అడిగింది.

"ఆముదం దీపమైతే ఆడ ఆరేదా సార్?"

"ఆరేది. మంటకూ మనిషికీ ఒకే గాలి కావాలి. బ్యాటరీకి గాలితో పనిలేదు."

మరునాడు హులిగప్ప బన్ను, పాలు తెచ్చాడు. బ్యాటరీ దించినందుకు తల్లికి కోపమొచ్చిందని ఊళ్లో అంటున్నారని, గేదెలను చూడటానికి ఇంటికి పోయిన హంపన్న మేకను మొక్కుకున్నాడని చెప్పాడు.

"కోపం కాదప్పా. దీపం ఆరతాంటే మనం ఆగుతాంటిమి. ఆరని దాన్ని నేనే దించితి" అంది రుద్రమ్మ. "ఊర్లో కూడా ఇట్లనే చెప్పు. పాతరలు ఇంకా కొందరికి ఉండాయి."

హులిగప్ప పోయాక వరండా బల్ల మీద అత్తాకోడళ్లు మిగిలారు. సుమ జడ విప్పుకొని మాడు తడుముకుంటోంది. అక్కడ వాచింది. రుద్రమ్మ ముంజేతి మీద పంటి గాట్లు కమిలి ఉన్నాయి. ఆ రెండింటి గురించీ వాళ్లు అప్పటిదాకా మాట్లాడుకోలేదు.

"అత్తా, ఒకటి అడుగుతా. నిజం చెప్పల్ల" అంది సుమ.

"అడుగు."

"కొక్కెం తగులుకోకపోయింటే? ఆయన ఆడనే ఉండిపోతాండాడని నీకు తెలిసింటే, అప్పుడన్నా నన్ను వదిలేదానివా?"

 కోడలి మనసు కుదుటపడే మాట ఒకటి రుద్రమ్మకు తట్టింది. కానీ అది అబద్ధం.

"లేదు" అంది. "వాడు సచ్చిపోతాంటే చూస్తూనే నిన్ను పట్టుకొని ఉండేదాన్ని."

సుమ విప్పిన జడను మళ్లీ అల్లుకుంది.

"నీ జాగాలో నేనుంటే నిన్ను వదిలేసేదాన్ని అత్తా" అంది చివరికి. "బలం లేక కాదు. నేనూ నీ ఎనకనే దిగేదాన్ని."

వార్డు తలుపు తెరుచుకుంది. "కొట్రేశ్ కడెయవరు యారమ్మా?" అని, అతని తాలూకు వాళ్లెవరని నర్సు కన్నడంలో పిలిచింది. ఇద్దరూ లేచారు. ఒక్కరే రావాలని నర్సు చేత్తో సైగ చేసింది. రుద్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, పాల సీసా సుమ చేతికిచ్చింది.

"నువ్వు పో" అంది.