కదిలించకూడని కణాలు

2006 ఆగస్టు పదకొండున వసంతలక్ష్మి దొండకాయ వేపుడుతో రెండు ముద్దలు తిని, ఇక చాలంది. ఆ మధ్యాహ్నం భర్త జోగారావు ఆసుపత్రి గది తలుపు ఓరగా తీసి చూసినప్పుడల్లా ఆమె కళ్లు తెరిచేది. కాస్త నిద్ర పట్టనివ్వండి అని నవ్వింది. ఆ వారమే పోయింది.

రెండేళ్లయినా, తలుపు తీసి చూసే అలవాటు మాత్రం ఆయనకు పోలేదు. ఇబ్రహీంపట్నం దాటాక ఓ కాలేజీలో ఆయన జీవశాస్త్రం చెబుతాడు. సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు లేస్తుండగా, ఆయన ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. అందుకే పొద్దున అందరికంటే ముందొచ్చేవాడు, సాయంత్రం అందరి తర్వాత వెళ్లేవాడు. రెండు పూటలా కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లోని పళ్లెం బయటికి తీసి, మైక్రోస్కోపు కింద కణాలను పలకరించేవాడు.

అవి ఆయన విద్యార్థిని శివాని ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం రక్తం నుంచి తీసిన రోగనిరోధక కణాలు. ఊరికే ఉన్నప్పుడు వాటిలో కొన్ని జన్యువులు మౌనంగా ఉంటాయి. బ్యాక్టీరియా ముక్క లాంటి శత్రువు జాడ పళ్లెంలో కలిపితే, అరగంటలోపే ఆ జన్యువులు లేచి, వాటి ఆర్ఎన్ఏ నకళ్లు పుట్టుకొస్తాయి. ఆ తేడా చూపించలేకపోతే ఆమె డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. మంచాల ఊళ్లో ఆమె తండ్రి చెన్నయ్య అప్పుడే పెళ్లి మాటలు మొదలుపెట్టాడు.

ఓ రోజు ఆమె ఫలితాల కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏం కలపని పళ్లెంల గూడ మస్తు నకళ్లున్నయ్ సార్. నేనొచ్చేలోపు వీటిని ఎవరన్న లేపుతున్నరా ఏంది?"

జోగారావుకు ఆసుపత్రి గదిలోని దొండకాయ వేపుడు వాసన గుర్తొచ్చింది. చల్లగాలి, చిన్న కుదుపు చాలు, ఆ జన్యువులు లేచిపోతాయని పాఠం చెప్పింది తానే.

"నేనేనమ్మా," అన్నాడు. "పొద్దున్నే తీసి చూస్తున్నాను."

శివాని కాగితం మడిచి పక్కన పెట్టింది.

"రోజూ గుడ్ మార్నింగ్ చెప్పిండ్రన్నమాట."

కోపమొచ్చినట్టే ఉంది గానీ, మూత తీసిన టిఫిన్ డబ్బా ఆయన వైపు జరిపింది. జొన్నరొట్టె, మీద కొంచెం కారం. ఆయన సగం తుంచుకున్నాడు. శివాని, తన తమ్ముడు బాలేష్ మళ్లీ రక్తం ఇస్తానన్నాడని, ప్రాజెక్టు ఇచ్చే గడువుకు ఇదే ఆఖరి ప్రయత్నమని చెప్పింది.

మర్నాడు బాలేష్ రక్తం ఇచ్చి వెళ్లాడు. సాయంత్రానికి కణాలు పళ్లేల్లోకి చేరాయి. బస్సు వేళయిందని బయలుదేరుతూ శివాని గుమ్మంలో ఆగింది.

"రేపు నేనొచ్చినంకనే రండ్రి సార్. బస్టాండ్ కాడ దిగంగనే ఫోన్ చేస్త. ఇద్దరికీ రొట్టెలు తెస్త."

ఆమె వెళ్లాక జోగారావు ఇంక్యుబేటర్ ముందు నిలబడ్డాడు. చెయ్యి పిడి దాకా వెళ్లింది. లోపలి వెచ్చదనం లోహం మీద లీలగా తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకుని దీపం ఆర్పాడు. చప్పుడు కాకుండా ల్యాబ్ తలుపు దగ్గరగా వేశాడు.