తూకం తప్పిన చెయ్యి

నాచారంలో నాచు ఉందో లేదో గానీ మడ్డికి మాత్రం కొదవ లేదు. ఆ మడ్డి వదిలించడమే ఉపేందర్ బతుకు. రిపేరుకొచ్చిన ఇంజన్లని ఫిట్టర్లు విప్పి ముక్కలు ముక్కలుగా అతని ముందు పోస్తారు. గ్రీజూ, కాలిన ఆయిలూ, రోడ్డు దుమ్మూ కలిసి బంకలా పట్టేసిన ఆ ముక్కల్ని అతను మళ్లీ లోహంలా కనపడేట్టు చేయాలి. దుర్గేష్ ఇంజన్ వర్క్స్‌లో అందర్నీ కడిగిపారేసే హక్కు సేటుదైతే, అన్నిటినీ కడిగిపారేసే హక్కు ఉపేందర్‌ది.

షెడ్డు వెనక పొయ్యి మీద పెద్ద ఇనుప డ్రమ్ము ఉంటుంది. అందులో కాస్టిక్ సోడా నీళ్లు సలసలా కాగుతుంటాయి. ఇనుప సామాను బుట్టలో పెట్టి దించితే ఎంత జిడ్డు మొండికేసినా తొక్కలా ఊడొస్తుంది. కానీ ఆ సోడాకి ఒక చెడ్డ బుద్ధి. ఇనుము జోలికి పోదు, అల్యూమినియం దొరికితే వదలదు, కొరుక్కు తినేస్తుంది. అందుకే అల్యూమినియాన్ని పక్కనున్న కిరోసిన్ తొట్టిలో వేసి బ్రష్షుతో తోమాలి. చిక్కేమిటంటే, మడ్డి కప్పుకున్నాక ఏది ఏదో కంటికి తెలియదు. లోకంలో ఎక్కడా లేని సమానత్వం మడ్డి కింద ఉంది.

ఉపేందర్‌కి కన్నుతో పనిలేదు. ముక్కని అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పసిపిల్లని ఆడించినట్టు పైకీ కిందికీ ఆడించేవాడు. 'ఇనుము' అంటే డ్రమ్ములోకి. 'వెండి' అంటే తొట్టిలోకి. అల్యూమినియాన్ని వెండి అని పిలవడం ఆ షెడ్డు అలవాటు. వేరే షెడ్లవాళ్లు ఆకురాయితో గీకి చూసుకుంటారు. ఇక్కడ గీకడం లేదు, గోకడం లేదు. ఉపేందర్ చెయ్యే తక్కెడ. చాయ్ తాగడానికొచ్చిన డ్రైవర్లు కూడా నిలబడి చూసేవాళ్లు.

ఆ తక్కెడ పాడైపోయింది. ఆ సంగతి ఉపేందర్‌కీ, భార్య గౌతమికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఏళ్ల తరబడి థిన్నర్లోనూ కిరోసిన్లోనూ ఉత్త చేతులు ముంచినందుకు ముందు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. తరవాత తిమ్మిరి అరచేతిలో కాపురం పెట్టింది. ఇప్పుడు మోచేతి దాకా స్థలం ఆక్రమించింది. దవాఖానాలో డాక్టరు చూసి, నరాలు చచ్చిపోతున్నాయి, ఈ పని మానెయ్ అన్నాడు. "నరులే సస్తున్రు సార్, నరాలదేముంది" అని నవ్వించబోయాడు ఉపేందర్. డాక్టరు నవ్వలేదు. పక్కనున్న గౌతమి అసలే నవ్వలేదు. పొద్దున్నే అతని చొక్కాకి గుండీలు పెట్టేది ఆవిడే మరి.

"సేటుకు జెప్పరాదూ, చెయ్యి పనిజేస్తలేదని" అనేది.

"చెయ్యి పనిజేయనోని చేతికి పనెవడిస్తడే?"

ఉపేందర్ దగ్గర ఉపాయం ఉంది. అల్యూమినియం ముక్కల్ని విప్పేటప్పుడే గోనెసంచి మీద పెట్టమని ఫిట్టర్ నరేన్‌తో చెప్పుకున్నాడు. నడుం వంగట్లేదు, ఏరుకోలేకపోతున్నానని సాకు చెప్పాడు. నరేన్ మంచివాడు, నమ్మేశాడు. గోనె మీదవి తొట్టిలోకి, నేల మీదవి డ్రమ్ములోకి. కళ్లు మూసుకుని ఆడించడం మాత్రం మానలేదు. జవాబు ముందే తెలిసిన పరీక్ష రాయడానికి భయమెందుకు?

ఆ పరీక్షే సాంబయ్య బావ వల్ల తప్పాడు.

సాంబయ్య గౌతమికి అన్న. రామంతాపూర్ నుంచి ఉప్పల్‌కి షేర్ ఆటో నడుపుతాడు. ఇంజన్ పట్టేస్తే షెడ్డుకి తెచ్చి, దగ్గరుండి చేయించుకుంటున్నాడు. నరేన్ ఇంజన్ విప్పేసి వేరే బండి కింద దూరాడు. ఉపేందర్ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ వెనక్కి తిరిగి ఉన్నాడు. సాంబయ్య సరదాగా ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డుని ఎత్తి పట్టుకున్నాడు. అది గోనె మీదుందో నేల మీదుందో ఉపేందర్ చూడలేదు.

"బావా, కండ్లు మూసుకో. చెప్పు జూద్దాం, ఇదేంది?"

"నీ ఆటోల నీ అసుంటి గట్టిదేమన్న ఉందా బావా? ఇయ్యి ఇటు."

చేతుల్లో పెట్టాడు. ఉపేందర్ కళ్లు మూసుకుని ఆడించాడు. బరువుందా, లేదా? చల్లగా ఉందా? చేతులు ఏమీ చెప్పలేదు. ఎక్కడో దూరంగా ఎవరో ఏదో మోస్తున్నట్టుంది, అంతే. కళ్లు తెరిస్తే పరువు పోతుంది. పక్కన ఇద్దరు డ్రైవర్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు.

"ఇనుము" అన్నాడు.

"వారెవ్వా!" అని సాంబయ్యే తన చేత్తో దాన్ని ఇనుప సామాను బుట్టలో వేశాడు. ఉపేందర్ గొలుసు లాగాడు. బుట్ట సోడాలోకి దిగింది. సాంబయ్య అన్నం తినొస్తానని ఉప్పల్ వైపు పోయాడు.

డ్రమ్ములో నురగ లేచింది. రోజూ లేచే గోధుమరంగు నురగ కాదు. బూడిదరంగులో, బుసబుసమంటూ అంచులు దాటి కారింది. పొయ్యి చుయ్యిమంది. మస్తు మడ్డి పట్టింది బావ బండికి అనుకున్నాడు ఉపేందర్. అనుకోవాలనుకున్నాడు.

చప్పుడికి సేటు దుర్గేష్ వచ్చాడు. "ఏందన్నా గా పొంగుడు? లాగు, లాగు!"

గొలుసు లాగితే బుట్ట పైకొచ్చింది. గేర్లు తళతళలాడుతున్నాయి. వాటి మధ్య హెడ్డు, చీమలు తినేసిన బెల్లం గడ్డలా, నల్లగా గుంటలు గుంటలుగా ఉంది.

దుర్గేష్ ఉపేందర్ వంక చూడనైనా లేదు. తక్కెడని ఎవరు అనుమానిస్తారు?

"నరేన్! బయటికి రా! వెండిని ఇనుములెట్ల గలిపినవ్ రా? కండ్లు యాడ పెట్టినవ్?"

నరేన్ బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. "గోనె మీదనే పెట్టిన సేట్. మా అమ్మ తోడు."

"మరి కాళ్లొచ్చి నడిసిపోయిందా?"

ఇంకో రోజైతే 'హెడ్డుకు కాళ్లేంది సేట్, చెవులొస్తయ్ గాని' అని ఉపేందర్ అందుకునేవాడు. ఈ రోజు నోట్లో నాలుక కూడా తిమ్మిరెక్కింది.

అప్పుడే సాంబయ్య తిరిగొచ్చాడు. హెడ్డు చూశాడు. దాన్ని బుట్టలో వేసిన తన చేతి వంక చూసుకున్నాడు. ఉపేందర్ మొహం చూశాడు. ఏదో అనబోయి, చెల్లెలు గుర్తొచ్చిందేమో, నోరు మూసుకున్నాడు.

"రేపటి సంది పనికి రాకు" అన్నాడు దుర్గేష్, నరేన్‌తో.

నరేన్ ఉపేందర్ వైపు తిరిగాడు. "అన్నా, నువ్వన్న జెప్పు. రోజూ నేను పెట్టేది గోనె మీదనే కదా?"

ఉపేందర్‌కి ఆ మొహం చూడ్డం చేతకాలేదు. ఏదో ఒక పని కావాలి. పెదాల మీదికి పాత నవ్వు తెచ్చుకుని బుట్టలోకి వంగాడు.

"ఆగు సేట్. ముందు ఇవి ఎట్లున్నయో సూడని. గేర్లన్న మిగిలినయా, అవి గూడ హరీమన్నయా..." అంటూ ఒక గేరు తీసి అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది జూడు, పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నది."

ఎవరూ నవ్వలేదు. అందరూ అతని చేతి వంకే చూస్తున్నారు. అతను వేసుకోవలసిన రబ్బరు గ్లవ్వులు అతని భుజం మీదే వేలాడుతున్నాయి. వేళ్ల సందుల్లోంచి ఆవిరి లేస్తోంది.

"అన్నా! చెయ్యి!" అని అరిచాడు నరేన్.

"చెయ్యికేమైంది?" అన్నాడు ఉపేందర్, నిజంగానే తెలియక.

నరేన్ గేరుని ఒక్క దెబ్బతో కింద పడేసి, అతన్ని కుళాయి దగ్గరికి లాక్కుపోయాడు. నీళ్ల కింద అరచేతి తోలు కూడా మడ్డి లాగే ఊడొచ్చింది. ఉపేందర్ దాన్ని వేరేవాళ్ల చెయ్యి చూసినట్టు చూశాడు.

"ఎన్నాళ్ల సంది అన్నా గిట్ల?" దుర్గేష్ గొంతు తగ్గిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

"నరేన్ తప్పేం లేదు సేట్" అన్నాడు ఉపేందర్. ఆ రోజు అతను ఆడిన మాటల్లో తూకం సరిగ్గా ఉన్న మాట అదొక్కటే.

దుర్గేష్ తలూపాడు. పాత స్పీకరు పగలగొట్టి, అందులోని అయస్కాంతాన్ని తీగతో డ్రమ్ము పక్కన వేలాడదీశాడు. నరేన్ ఒక ముక్క తెచ్చి దగ్గర పెట్టాడు. టక్కున అతుక్కుంది. ఇనుము. ఇంకోటి పెట్టాడు. అతుక్కోలేదు. వెండి. అంతే పని. చాయ్ గ్లాసులు పట్టుకున్న డ్రైవర్లు దాన్నీ ఆసక్తిగానే చూశారు.

"చెయ్యి మానినంక రా అన్నా" అన్నాడు దుర్గేష్. మానేది తోలే అని ఇద్దరికీ తెలుసు.

దవాఖానాలో కట్టు కట్టించుకుని, సాంబయ్యా ఉపేందర్ వేరేవాళ్ల షేర్ ఆటోలో వెనక సీట్లో కూర్చున్నారు. ఉప్పల్ చౌరస్తా దగ్గర ఆటో ఆగి ఆగి కదులుతోంది. బస్సుల హారన్లు, మెట్రో మెట్ల దగ్గర పళ్ల బండ్లవాళ్ల కేకలు.

"హెడ్డు పోయింది గద బావా" అన్నాడు ఉపేందర్.

"పోతే పోయింది తీ."

"నీకు తెల్సు. మరి సేటు ముందట ఎందుకు జెప్పలే?"

సాంబయ్య సీట్లో ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఇంట్లో గౌతమికి ఏం చెప్పాలో ఉపేందర్ మనసులో కూర్చుకుంటున్నాడు. నవ్వించే ముక్క ఒక్కటీ దొరకలేదు. తల వంచుకున్నాడు.

కట్టులేని తన ఎడమ చెయ్యి బావ రెండు చేతుల మధ్య ఉంది. ఎప్పటి నుంచి పట్టుకున్నాడో తెలియలేదు.