చెప్పుల కాపలా

"నువ్వు ఈడే కూచో ఎవా. చెప్పులు, బ్యాగులు చూసుకో. మేం అట్ల నీళ్లల్లోకి పొయ్యొస్తాం," అన్నాడు జోసెఫ్, కొత్త బూట్లు విప్పి భార్య ముందు పెడుతూ.

వాటి పక్కన అతని ఆఫీసు స్నేహితుడు గురుమూర్తి శాండిల్స్, గురుమూర్తి భార్య అనిత హైహీల్స్, ఎవా ఎనిమిదేళ్ల కూతురు చిన్ని గులాబీరంగు స్లిప్పర్లు వచ్చి పడ్డాయి. అద్దె కుర్చీలో కూర్చున్న అత్తగారు తన చెప్పుల్ని కాలితోనే కోడలి వైపు జరిపింది. ఎవాంజెలిన్ ఇసకలో చతికిలబడి అన్నిటినీ జతలు చేసి సర్దింది.

విశాఖపట్నం ఆమె పుట్టిపెరిగిన ఊరు. బెంగళూరు నుంచి వచ్చిన ఈ గుంపులో, వచ్చే అలకి ఎదురెళ్లాలో వెనక్కి తగ్గాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పుల దగ్గర కూర్చోబెట్టింది ఆమెనే.

సెలవులు కలిసొచ్చాయని, "నీ ఊరే గదా, నువ్వే గైడ్," అని జోసెఫ్ అన్నప్పుడు ఆమె నిజంగానే సంబరపడింది. పెళ్లయి బెంగళూరులో కాడుగోడి వెళ్లాక మళ్లీ ఈ ఇసక తొక్కలేదు. నాన్న పోర్టులో పనిచేసేవాడు. అమ్మ, నాన్న ఇద్దరూ పోయాక ఈ ఊళ్లో ఆమెకి తలుపు తీసేవాళ్లు లేరు. గైడ్ అంటే ఏమిటో రైలెక్కిన తరవాత తెలిసింది. పులిహోర వడ్డించడం, అత్తగారి మాత్రలు గుర్తుపెట్టుకోవడం, హోటల్ గదిలో అందరి తడిబట్టలూ ఆరేయడం. ఆటోవాడితో ఊరి యాసలో రెండు మాటలు మాట్లాడితే జోసెఫ్ గురుమూర్తికి కన్నుకొట్టి, "చూస్తివా, 'ఏటి, ఏటి' అని మొదలుపెట్టె," అని నవ్వాడు. గురుమూర్తి కూడా నవ్వాడు.

ఇప్పుడు మాత్రం వాళ్లంతా నీళ్లలో, అత్తగారు ఫోన్‌లో ఉన్నారు కాబట్టి మనుషుల్ని చూస్తూ కూర్చుంది. అది అమ్మ నేర్పిన అలవాటు. ఆదివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక తల్లీకూతుళ్లు ఇక్కడికే వచ్చి గట్టు మీద కూర్చునేవాళ్లు. "ఆ ఇద్దర్నీ సూడే, పొద్దున్న దెబ్బలాడుకున్నార్లా ఉంది. దాని నీడ ఈడికి తగలకుండా నడుస్తంది," అనేది అమ్మ. దారినపోయే ప్రతి మనిషికీ ఒక కథ అల్లేది. అప్పట్లో ఇక్కడ వలలు ఆరేవి, ఎండుచేపల వాసన వచ్చేది, పడవ నీడలో ముసలాళ్లు పేకాడుకునేవాళ్లు. ఇప్పుడు ఇసక సగం కోసుకుపోయి, ఆ చోట పెద్ద పెద్ద బండరాళ్లు పడున్నాయి. గట్టు మీద రంగుదీపాలు, ఫొటోలు దిగడానికి గుండె బొమ్మలు. పెళ్లి కాకముందే పెళ్లిబట్టల్లో ఒక జంట కెమెరావాడు చెప్పినట్టల్లా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారు. పొట్టి లాగుల్లో ఆడపిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. వాళ్లనెవరూ తిట్టడం లేదు, అది ఆమెకి చాలా నచ్చింది. మరమరాలతో మురీ మిక్చర్ కలిపి అమ్మే ఆవిడ బండికి ఫోన్‌పే కాయితం అంటించి ఉంది. మనిషి మాత్రం అప్పటి మనిషే, అదే నడుం మీద చెయ్యి, అదే గద్దింపు.

నీళ్ల అంచున నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లు అయిదారుగురు చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. అల రాగానే కేకలు పెట్టి గెంతుతున్నారు. చీరలు ఒళ్లకి అతుక్కుపోయాయి, జడలు ఊడిపోయాయి, ఒకావిడ బోర్లాపడి ఇసక ఉమ్ముతూ పగలబడి నవ్వుతోంది. మొగుళ్లు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో. అమ్మ అయితే వీళ్లకి ఏం కథ అల్లేదా అని ఎవాంజెలిన్ ఆలోచిస్తూ ఉండగానే వాళ్లలో ఒకావిడ ఆమెని చూసి చెయ్యి ఊపింది.

"ఏటమ్మా, అంత దూరం నుంచి సూస్తావు? రా, వచ్చీ!"

అచ్చం అమ్మ యాస. "అత్తయ్యా, ఒక్క నిమిషం చెప్పులు చూస్తారా? కాళ్లు తడుపుకొని వస్తాను," అంది. అత్తగారు ఫోన్‌లో బైబిల్ వాక్యం వింటూ "ఊఁ" అంది.

ఎవాంజెలిన్ వెళ్లి ఆ వరసలో నిలబడింది. అటూ ఇటూ ఎవరో తెలియని చేతులు ఆమె చేతుల్ని పట్టుకున్నాయి. మొదటి అల మోకాళ్ల దాకా వచ్చింది, రెండోది నడుం దాకా. ఆమె గొంతులోంచి ఒక అరుపు వచ్చింది, అది తనదేనా అని ఆశ్చర్యపోయింది. ఆ వెనకే వచ్చిన పెద్ద అల వాళ్లందరినీ దాటుకుని, ఇసక మీద ఎప్పుడూ రానంత దూరం పాకి, వెనక్కి పోతూ పోతూ జోసెఫ్ బూట్లని తీసుకుపోయింది.

జోసెఫ్ అప్పుడే ఒడ్డుకి వచ్చాడు. తన బూట్లుండాల్సిన ఖాళీ చోటు చూశాడు. తల్లి వైపు చూశాడు.

"నాకేం తెల్సప్పా, ఆ యమ్మ లేచి పాయ," అంది ముసలావిడ.

ఇంట్లో అయితే దెబ్బ పడబోతోందని ఎవాంజెలిన్ ముందే పసిగట్టేది. అతను గది తలుపు మెల్లగా వేస్తాడు, గడియారం విప్పి బల్ల మీద పెడతాడు. మొదటిసారి కొట్టింది చర్చి భోజనాల దగ్గర అతను చెబుతున్న సరదా కథకి చివరిమాట ఆమె చెప్పి అందరినీ నవ్వించినందుకు. ఆ సాయంత్రం దెబ్బల చప్పుడు పక్కగదిలోకి వినబడింది. అత్తగారు టీవీలో ప్రార్థన సౌండు పెంచింది. మర్నాడు కాఫీ ఇస్తూ, "మొగోడన్నాక చెయ్యి లేస్తాది పాపా. బయటోళ్లకి తెలీకుంటే సరి," అంది. బయటివాళ్లకి తెలియకుండా చేయడం ఎవాంజెలిన్‌కి ఇంకో డ్యూటీ అయింది. ఆసుపత్రిలో నర్సు పని, ఇంట్లో వంటపని, ఈ రెండిటి మధ్య మచ్చలు కప్పే పని. మెడ దాకా జాకెట్టు, నీలం తేలిన చోట మేకప్పు, తోటి నర్సులకి ఒక నవ్వు. చిన్ని నిద్రలో ఉలిక్కిపడి లేస్తే, "ష్, ఏం లేదు, నాన్న ఏదో పడేసుకున్నారు," అని జోకొట్టడం. బాత్రూంలో జారిపడ్డామంటూ వార్డుకి వచ్చే ఆడవాళ్ల ముఖాలు చూస్తే ఆమెకి నిజం తెలిసిపోయేది. తనూ అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

ఇక్కడ మూయడానికి తలుపు లేదు. అతను నడిచి వస్తుంటే నవ్వుతున్నాడనే అనుకుంది.

దెబ్బ ఎడమచెవి మీద పడింది. కన్ను మీద మెరుపు, తల నిండా ఒక సన్నటి ఈల. మరుక్షణం ఆ వైపు సముద్రం ఆగిపోయింది. కుడిచెవిలో హోరు ఉంది, ఎడమచెవిలో ఏమీ లేదు. కర్ణభేరి పోయింది, అనుకుంది ఆమెలోని నర్సు చాలా ప్రశాంతంగా. జుట్టు పిడికిట్లోకి పోయింది. "తే! పొయి తే! నీకు ఒగ పని చెప్తే చేసే కామన్ సెన్స్ ఉండాదా?" అని ఆమె తలని కిందికి వంచి నీళ్లలోకి ఈడ్చుకెళ్లాడు. అల ముఖం మీద విరిగింది. చెవిలోకి ఉప్పునీళ్లు దిగి నిప్పులా మండింది. లేవబోతే మెడ మీద చెయ్యి వేసి మళ్లీ వంచాడు. నోట్లో ఇసక, ముక్కులో నీళ్లు, మోకాళ్ల కింద గవ్వలు కోసుకుపోతున్నాయి.

తల పైకి లేచినప్పుడల్లా ఆమెకి జనం కనిపించారు. ఇంతసేపూ తను చూసిన జనమే. ఇప్పుడు వాళ్లు ఆమెని చూస్తున్నారు. వాలీబాల్ ఆగిపోయింది. పెళ్లిబట్టల జంట పక్కన కెమెరావాడు కెమెరా దించాడు. ఫోన్లు మాత్రం పైకి లేచాయి. అనిత తన భుజం మీది తువ్వాలుని మరింత బిగించుకుంది. "లీవ్ ఇట్ జో, జనాలుండారప్పా," అన్నాడు గురుమూర్తి. కొట్టొద్దని అనలేదు. చేతులు పట్టుకుని ఆడినవాళ్లు గడ్డకట్టుకుపోయి నిలబడ్డారు. కుర్చీలోంచి అత్తగారు, "లేసి ఆ కొంగు సర్దుకోమ్మే," అంది.

అప్పుడు చిన్ని తడిగౌనుతో పరిగెత్తుకొచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకుంది. ఏడవడం లేదు. గొడుగు మర్చిపోయి వెళ్తున్నవాళ్లకి గుర్తుచేసినట్టు, మెల్లగా, బుద్ధిగా చెప్పింది.

"డాడీ, ఇక్కడొద్దు. అందరూ చూస్తుండారు. ఇంటికి పోయినాక కొట్టు."

ఎవాంజెలిన్‌కి చెవినొప్పి ఆగిపోయింది. పిల్ల నిద్రపోతోందనుకున్న రాత్రులన్నీ ఒక్కసారి ఆమె మీద పడ్డాయి. ఇన్నాళ్లూ తను దాచింది దెబ్బల్ని కాదు. దెబ్బలు ఎక్కడ తినాలో, ఎలా తినాలో కూతురికి నేర్పుతూ వచ్చింది. ఆ పాఠం చిన్ని తప్పు లేకుండా ఒప్పజెప్పింది.

జోసెఫ్ పిల్లని పక్కకి తోసి మళ్లీ చెయ్యి ఎత్తాడు. ఎవాంజెలిన్ లేచి నిలబడి అతని చెంప మీద కొట్టింది. రోజూ మంచం మీది రోగుల్ని ఎత్తి కూర్చోబెట్టే చెయ్యి అది. అతను రెండడుగులు వెనక్కి వేసి ఇసకలో కూలబడ్డాడు.

బీచికి అప్పుడు నోరొచ్చింది.

"ఏవమ్మా, అందరి ముందూ మొగుణ్ణి అలా కొడతావా?"

"ఈ రోజుల్లో ఆడాళ్లకి బొత్తిగా భయం లేదండీ."

"పాపం, అతని ముక్కులోంచి రక్తం కారుతోంది చూడండి."

ఆమె చెవిలోంచి మెడ మీదికి కారుతున్నది ఎవరికీ కనపడలేదు. జోసెఫ్ లేచి వచ్చి ఆమె కడుపులో తన్నాడు. ఆమె ముడుచుకుపోయింది. రెండోసారి తన్నబోతుంటే మురీ మిక్చర్ ఆవిడ బండి వదిలేసి వచ్చి మధ్యలో నిలబడింది. "ఇంకోపాలి కాలెత్తు, నీ కాలిరగ్గొడతాను. ఏటనుకుంటన్నావు?" గడ్డకట్టుకుపోయిన ఆడవాళ్లు ఆ గొంతుతో కదిలారు. ఒకరి తరవాత ఒకరు వచ్చి ఎవాంజెలిన్ చుట్టూ నిలబడ్డారు. చీరల్లోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా జరగలేదు. ఇందాక పిలిచినావిడ చిన్నిని ఎత్తుకుంది.

ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు, వాళ్లని చూడగానే జోసెఫ్ గొంతు మారిపోయింది. "ఫ్యామిలీ మేటర్ మేడమ్, చిన్న మిస్అండర్‌స్టాండింగ్," అన్నాడు లేడీ కానిస్టేబుల్‌తో. ఎవాంజెలిన్ దగ్గరికి వంగి, "ఎవా, రా. ఇంటికి పొయి మాట్లాడుకుందాం," అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని "మీరు" అనే పిలిచింది.

"నువ్వు ఇంట్లో మాట్లాడవు. కొడతావు," అంది. కానిస్టేబుల్ వైపు తిరిగి, "కంప్లయింట్ ఇస్తాను. ముందు నా చెవి ఎవరికైనా చూపించండి," అంది.

బెంగళూరు తిరిగొచ్చాక ఆమె కాడుగోడి వెళ్లలేదు. ఊరికి ఇంకో కొసన చందాపురలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరి, దగ్గర్లోనే రెండు గదులు అద్దెకు తీసుకుంది. చిన్నిని అక్కడి బడిలో వేసింది. ఎడమచెవి పూర్తిగా బాగుపడలేదు. ఫోన్ కుడివైపు పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. రాత్రిపూట మెట్ల మీద మగవాళ్ల అడుగులు వినిపిస్తే ఇంకా లేచి తలుపు గడియ చూసుకుంటుంది. కేసు నడుస్తోంది, జోసెఫ్ బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. బంధువులు ఫోన్లు చేసి, "పిల్ల ముఖం చూసి సర్దుకో," అన్నారు. పిల్ల ముఖం చూసే సర్దుకోలేదని ఆమె వాళ్లకి చెప్పలేదు. ఫోన్ పెట్టేసింది.

ఒక ఆదివారం పొద్దున తలుపు తీస్తే అత్తగారు నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి, తల మీదుగా ముఖం సగం కప్పుకున్న కొంగు. ఎవాంజెలిన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చిన్నిని పంపను. రాజీకీ రాను."

"దానికి రాలేదమ్మే," అంది ముసలావిడ. కొంగు కొంచెం జారింది. దవడ ఎముక మీద నల్లగా కమిలి ఉంది, పెదవి వాచిపోయింది. "టీ సల్లారిపాయ అని... ఈడ నాకింత జాగా ఉండాదా?"

ఆ వాచిన ముఖం చూస్తుంటే ఎవాంజెలిన్ లోపల ఒక క్రూరమైన తృప్తి లేచింది. అది తన మనసులోంచే లేచిందని ఆమెకి తెలుసు. పక్కగదిలో ప్రార్థన సౌండు పెంచిన చెయ్యి ఇదే. కొంగు సర్దుకోమన్న నోరు ఇదే. రేపటి నుంచి ఈమె మాత్రలూ, ఈమె అన్నం, ఈమె బట్టలూ మళ్లీ తన నెత్తినే పడతాయి. తలుపు వేసేయొచ్చు. వేస్తే తప్పనేవాళ్లు కూడా లేరు. కానీ వార్డులో జారిపడ్డామన్న ఆడవాళ్లని ఏ రోజూ ఒక్కమాట అడగకుండా పంపేసింది తనే కదా. ఇంకొకరిని అలా పంపడం ఇక ఆమె వల్ల కాదు.

చెయ్యి చాచి దవడ నొక్కి చూసింది. విరగలేదు.

"ఉండండి. వంట చెరో పూట. కానీ ముందు లోపలికి కాదు, పోలీస్ స్టేషన్‌కి."

ముసలావిడ కళ్లు పెద్దవయ్యాయి. "కొడుకు మీదనా?"

"కొట్టినవాడి మీద."

ముసలావిడ గడప బయట నుంచి వెనక్కి తిరిగి చూసింది. మెట్ల మీద ఇరుగుపొరుగు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. తరవాత సంచి కింద పెట్టి, తల మీది కొంగు పూర్తిగా తీసేసింది.